వద్దన్న రక్తం

వడమాలపేట ఇటుకబట్టీలో పనిచేసే మునిరత్నమ్మకు ఒక్కతే కూతురు, తులసి. ఆ పిల్ల ఒంట్లో రక్తం నిలవదు. నెలనెలా తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయి ఎక్కించాల్సిందే. తల్లిదండ్రులిద్దరికీ రక్తం తక్కువ, వాళ్లది పనికిరాదు.

ఆసుపత్రిలో పక్కమంచం ఓబయ్య కొడుక్కూ అదే జబ్బు. ఒకసారి ఇచ్చేవాళ్లు దొరక్క ఓబయ్య బయట రక్తం అమ్ముకునేవాడి దగ్గర కొన్నాడు. కొన్నాళ్లకు పిల్లవాడి కళ్లు పచ్చబడినాయి. ఆ రక్తంతోనే కామెర్లు సోకి ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. పిల్లవాడు మళ్లీ కోలుకోలేదు. అప్పటినుంచి మునిరత్నమ్మ తెలిసినవాళ్లనే బతిమాలి తెచ్చుకునేది.

ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో, వస్తానన్న మనిషి రాలేదు. తులసి పెదవులు తెల్లబడి ఆయాసపడుతోంది. కబురందుకుని పుత్తూరు నుంచి తమ్ముడు ధనంజయ, భార్య సంతోషమ్మతో దిగినాడు. గ్రూపు కలిసింది. ఎప్పుడైనా కామెర్లు వచ్చినాయా అని డాక్టరమ్మ అడిగితే లేదన్నాడు.

వరండాలో సంతోషమ్మ కొంగు నలుపుకుంటా నిలబడింది. ఏమైందని మునిరత్నమ్మ అడిగితే గొంతు తగ్గించి చెప్పింది.

"వదినా, పోయినేడు మీ తమ్ముడికి కామెర్లు వచ్చినాయి. పసురు తాపితే తగ్గినాయి. చెప్తే నెత్తురు తీసుకోరని దాచినాడు."

మునిరత్నమ్మ లోపలికి పోయేసరికి ధనంజయ చెయ్యి చాపి పడుకుని ఉన్నాడు. సూది ఇంకా గుచ్చలేదు.

"లెయ్ ధనంజయా. నీ నెత్తురు వద్దు."

"పిల్ల పోతా ఉండాది అక్కా. కామెర్లు వస్తే అప్పుడు సూసుకుందాం. ముందు బతకనీ."

ఆమెకూ ఒక్క క్షణం అదే నిజమనిపించింది. అయినా ఓబయ్య కొడుకు గుర్తొచ్చి, తమ్ముడి చెయ్యి పట్టుకుని తనే లేపింది. ధనంజయ ఆమె మొహం చూడకుండా బయటికి పోయినాడు. నాది తీసుకోండని సంతోషమ్మ ముందుకొస్తే, ఒకే ఇంట్లో ఉన్నవాళ్లది కూడా వద్దని డాక్టరమ్మ ఆపింది.

ఇంక ఎవరూ లేరు. మొగుడు మునస్వామి దొరికిన బస్సెక్కి బట్టీకి పరిగెత్తినాడు. మునిరత్నమ్మ కూతురి ఎదురొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, అది లేస్తోందా లేదా అని చూస్తా కూర్చుంది. తను చేసింది తప్పేమోనని ఎన్నిసార్లు అనుకుందో. పొద్దు వాలినాక మునస్వామి, సూదంటే భయపడి అంతవరకూ తప్పించుకు తిరిగిన బట్టీ లారీడ్రైవరు చిన్నబ్బను వెంటబెట్టుకొచ్చినాడు. చిన్నబ్బ కళ్లు మూసుకుని చెయ్యి చాపినాడు. అతనికి కామెర్లెప్పుడూ రాలేదు, రక్తం కూడా కలిసింది. సీసా సగమయ్యేసరికి తులసి నీళ్లడిగింది.

ధనంజయ రెండేళ్లు అక్క గడప తొక్కలేదు. తర్వాత ఒకరోజు తనే ఆసుపత్రికొచ్చినాడు. వెంట ఇద్దరు వయసొచ్చిన కుర్రాళ్లు. వాళ్లకు ఎప్పుడూ కామెర్లు రాలేదని, వాళ్ల తల్లులను అడిగి మరీ తెచ్చినానని వార్డు గుమ్మంలోనే చెప్పినాడు.