దుర్గయ్య సున్నం, కొమురమ్మ గంజి

దుర్గయ్య కుంచె తగిలిన గోడ ఎంత తెల్లబడేదంటే, పున్నమి చంద్రుడు మొఘల్‌పురా బస్తీ మీదికొచ్చి సిగ్గుపడి మబ్బు చాటుకు పోయేవాడు. నమ్మనివాళ్లు వెళ్లి ఆ గోడల్నే అడగవచ్చు.

దేవుళ్లందరి ఇళ్లూ తనకు గోడల వరసన తెలుసునని అతని గొప్ప. మసీదులో బొమ్మ ఉండదు, పడమటి గోడలో ఖాళీ గూడు ఒక్కటే. చర్చిలో సిలువ వెనక గోడ క్రిస్మస్‌కు ముందే తెల్లబడాలి. గురుద్వారాలో తలకు రుమాలు లేనిదే నిచ్చెన ఎక్కనివ్వరు. గుడిలో కుంచె గర్భగుడి గడప దగ్గరే ఆగాలి. పార్సీల అగ్గిగుడిలోకి పరాయివాళ్లు పోరాదు. అందుకని బయటి ప్రహరీకే సున్నం వేసి, అది చూసి లోపలి నిప్పు జానెడు పైకి లేచిందని చెప్పుకునేవాడు. బుద్ధుడి గోడ ఒక్కటే ఇంకా చేతికి దొరకలేదని దిగులు.

సున్నం రాలకుండా అందులో బంక కలుపుతాడు, పశువుల తోళ్లు ఉడికించి తీసింది. గుళ్లకూ జైన మందిరానికీ అది పనికిరాదు. వాటికి భార్య కొమురమ్మ కాచిన బియ్యపు గంజే.

డెబ్బై నాలుగులో, జైనుల ఎనిమిది రోజుల పర్యూషణ వ్రతం నాలుగు రోజులుందనగా, మందిరం లోపలి గోడలు ముగించి ఇంటికొచ్చాడు. కొమురమ్మ పొయ్యి పక్కన కుండ చూపించింది.

"గంజి గిట్లనే ఉన్నది. మరి గోడకేం పోసినవయ్యా?"

పార్సీల నిప్పు కథ ఎవరికో చెబుతూ, అలవాటు కొద్దీ బంక డబ్బా వంచేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కంటికి తేడా తెలియదు. నోరు మూసుకుంటే సరిపోతుంది. చెబితే ముప్పై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది, ఇంకే దేవుడి గోడా దక్కదు.

తెల్లారి మందిరం పెద్ద హస్తీమల్ సేఠ్ ముందు నిలబడ్డాడు.

"గలతీ అయింది సేఠ్. బంక కలిపిన. మొత్తం గీకి మళ్ల వేస్త."

సేఠ్ నోటికొచ్చినట్టు తిట్టాడు. గోడలు బాగుచేసి పొమ్మన్నాడు, మళ్లీ కనబడొద్దన్నాడు. దుర్గయ్య చీమ నలగకుండా నేల మెత్తగా ఊడుస్తూ మూడు రోజుల్లో అంతా గీకి, గంజితో మళ్లీ వేశాడు.

వ్రతం చివరి రోజు సేఠ్ నడిచి వచ్చి అతని గడప ముందు చేతులు జోడించాడు. ఏడాదిలో నొప్పించిన ప్రతివాణ్ణీ ఆ రోజు క్షమాపణ అడగడం జైనుల ఆచారం.

"మాట తూలిన దుర్గయ్యా, మాఫ్ చెయ్. వచ్చే ఏడాది గోడలు గూడ నీవే."

అన్ని మతాల మర్యాదలూ తెలిసిన దుర్గయ్యకు ఈ మర్యాద కొత్త. తనూ చేతులు జోడించి, పీట వేశాడు.

తర్వాత దేవుళ్ల ఇళ్ల గురించి ఎవరికి చెప్పినా, సేఠ్ తన గడపకొచ్చిన సంగతితోనే ముగించేవాడు. లోపలి నుంచి కొమురమ్మ అందుకునేది:

"గంజి ముచ్చట గూడ చెప్పు."