బోల్తా కొట్టినంకనే తాళంచెవి

వజీర్ ఉస్తాద్ చేతి రేసు బండి కావాల్నంటే పైసలొక్కటే ఉంటే సరిపోయేది కాదు. బండి తయారైనంక, ఇంకా రంగు గూడ పడకముందే, దాన్ని షెడ్డు ఎనక వాగొడ్డుకు తోలుకపోయేటోడు. ఒక పక్క చక్రాలు ఒడ్డు అంచు మీద ఉండేటట్టు నిలబెట్టి, తనే డ్రైవరు సీట్ల కూసోని, బెల్టులు బిగించుకోని, కొనేటోణ్ని పిలిచేటోడు.

"ఇగ నూకు."

ఎండిన వాగులకు బండి బోల్తా కొట్టాలె. ఉస్తాద్ లోపల్నే ఉండాలె. నూకనీకి చేతులు రాలేదా, తాళంచెవి ఇచ్చేటోడు కాదు. ఎంత పెద్దమనిషి సిఫారసు చేసినా అంతే. "నేను కూసోకుండ నిన్నెట్ల కూసోబెడ్తరా?" అనేటోడు.

ఇదేం పిచ్చిరా నాయనా అనిపిస్తది ఎవరికైనా. ఆయన పెండ్లాం ఫజిలత్‌కు గూడ మొదట్ల అట్లనే అనిపించింది. కొట్లాడింది, అలిగింది, తల్లిగారింటికి పోత అన్నది. ఆయన ఇననే లేదు. ఇగ ఏం చేస్తది? నూకే నాడు వంటింట్ల పొయ్యి ముంగట కూసోని చెవులు వాగు దిక్కు పెట్టేది. ధడేల్మని చప్పుడు. అటెంకల ఏం వినపడకపోయేది. ఆ జెరసేపు ఆమె అగ్గిపెట్టె చేతిల పట్టుకోనే ఉండేది. తర్వాత వాగులకెల్లి కేక:

"ఫజిలత్! చాయ్ పెట్టు!"

ఆ కేక విన్నంకనే పొయ్యి ముట్టించేది. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్నా వాగొడ్డుకు పోయి చూడలే.

ఈ ఆనవాయితీ ఊకెనే రాలే. ఖమ్మంల గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు చేసుకుంట పని నేర్చిన వజీర్, టేకులపల్లికొచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నడు. అడవి ఊర్లల్ల ప్యాసింజర్ జీపులు నడిపే పిల్లలకు రేసుల పిచ్చి పట్టిన కాలమది. తుక్కుల పడ్డ జీపు తెచ్చి, టాపు కోసేసి, పల్టీ కొట్టినా మనిషికి దెబ్బ తగలకుండ చుట్టూ పైపులతోటి పంజరం కట్టేటోడు. మొదటి బండి లాల్‌సింగ్‌కు చేసిండు. పంజరానికి వాడింది బోరు పైపు. ఈ దిక్కు ఏది కట్టాలన్నా బోరు పైపే గద! పందిరికి అదే, పశువుల కొట్టానికి అదే. లావుగ ఉంటది, చూస్తే ధైర్యమనిపిస్తది. అందరు చేసే పనే ఆయనా చేసిండు. రేసుల బండి తిరగబడ్డది, పైపు అతుకు దగ్గర మడతపడ్డది. దవాఖానా చేరకముందే లాల్‌సింగ్ పానం పోయింది.

దినాలైనంక లాల్‌సింగ్ పెండ్లాం పూలి వచ్చి షెడ్డు ముంగట నిలబడ్డది. ఏడ్వలే, తిట్టలే. తిట్టినా బాగుండేది. ఫజిలత్ మొఖంలకు చూసి ఒక్క మాట అడిగింది.

"అక్కా, ఆ బండిల ముందుగాల నీ మనిషిని కూసోబెట్టినవా?"

లోపల వజీర్ చేతిల గ్రైండర్ బందైంది. ఆనాటికెల్లి ఆ షెడ్డుల బోరు పైపు అడుగుపెట్టలే. రేసు బండి ఏది చేసినా వాగొడ్డుకు పోవుడు తప్పలే.

అసోంటి మనిషి ఇనుప పొగ మింగి మింగి, రొమ్ము చెడి, ఈ ఎండకాలం మొదట్ల పోయిండు. భద్రు అనే డ్రైవరు కోసం మొదలుపెట్టిన జీపు సగంల ఆగింది. పంజరంల మిగిలిన సగం బిడ్డ సుమేరా వెల్డింగ్ పట్టింది. చిన్నప్పటికెల్లి తండ్రి పక్కన పని చేసిన పిల్లే. అయినా ఊరు ఊకుంటదా? "ఆడిపిల్ల ఏం నడుపుతది, షెడ్డు అమ్ముకుంటరు తియ్" అన్నది.

రేపు ముదిగొండ దిక్కు రేసు ఉందనంగ పొద్దుగాల భద్రు బండికి వచ్చిండు. ఎంట పెండ్లాం గోరి, ఆమె సంకల పిల్ల. సుమేరా అప్పటికే హెల్మెట్ చేతిల పట్టుకోని ఉన్నది.

"నడువన్నా, వాగొడ్డుకు."

ఫజిలత్ వాకిట్లకు ఉరికొచ్చింది. భద్రు బిత్తరపోయిండు.

"అదంత వద్దు చెల్లె. ఉస్తాద్ పట్టిన బండి, గదే చాలు. తాళంచెవి ఇయ్యి, జల్దీ పోవాలె."

"సగం నేనే పట్టిన, ఎరికేనా?"

"ఎరికే. అయినా ఉస్తాద్ పేరున్నది గద."

"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోమంటవా? నా అతుకు ఊడి నువ్వు సస్తే, మా అబ్బా పేరు నిన్ను లేపుతదా?"

ఫజిలత్ అడ్డం పడ్డది. "ఏందే నీ మొండితనం! మీ అబ్బా పోయి కండ్లు తుడుసుకోనన్నా లేను. ఉన్నదానివి నువ్వొక్కదానివే. ఇసుక బస్తాలు కట్టి నూకుర్రి! మనిషే కావాల్నా?"

"బస్తా కూసుంటదంటే చెయ్యి ఎట్ల పడితే అట్ల పోతది అమ్మీ," అన్నది సుమేరా. "అబ్బా తనే కూసుంట అనుకుంట పట్టేటోడు. నేను గూడ నేనే కూసుంట అనుకుంటనే పట్టిన."

తండ్రి ఒక్కడు సాలక బిడ్డ గూడ గట్లనే తయారైందని మనసుల తిట్టుకుంట, ఫజిలత్ మొట్టమొదటిసారి వాగొడ్డుకు నడిసింది.

సుమేరా సీట్ల కూసోని బెల్టులు బిగించుకున్నది. చక్రాలు అంచు మీద ఉన్నయ్. బలమేం అక్కర్లేదు, ధైర్యముంటే చాలు. భద్రు చేతులు ఆనిచ్చిండు, తీసిండు. మల్ల ఆనిచ్చిండు, మల్ల తీసిండు.

"నాతోని కాదు చాచీ. ఈ పిల్లను నేనెట్ల నూకుత?"

"నూకకుంటే తాళం లేదన్నా," లోపలికెల్లి సుమేరా. "ఇయ్యాల ఇట్లనే ఇచ్చి పంపితే, రేపటికెల్లి నా చేతి బండిని నమ్మేటోడే ఉండడు. నేనే నమ్మ."

ఫజిలత్ గోరి దిక్కు చూసింది. ఆమె భద్రును చూస్తలేదు, సుమేరాను చూస్తలేదు. పంజరం అతుకులనే చూస్తున్నది, రెప్ప వెయ్యకుండ. రేపు ఈ పిల్ల గూడ పూలి లెక్కనే తన వాకిట్ల నిలబడితే? అదే మాట అడిగితే?

చెంగు నడుముల దోపింది.

"జరుగు భద్రు."

"చాచీ, నీకేమన్న..."

"జరగమన్న!"

ఇనుము ఎండకు కాలుతున్నది. రెండు చేతులు ఆనిచ్చింది. చేతులు రాలే. తొమ్మిది నెలలు మోసిన కడుపు, యాడికెల్లి వస్తయ్? పక్కన ఇంకో రెండు చేతులు పడ్డయ్. గోరియి. పిల్లను మొగని చేతికిచ్చి వచ్చింది. ఇద్దరు ఒకల మొఖం ఒకలు చూసుకోలే.

"బిస్మిల్లా," అన్నది ఫజిలత్. నూకిన్రు.

బండి ఒరిగింది. ఒక పల్టీ, ఇంకో పల్టీ, ధడేల్మని వాగుల తలకిందులుగ పడ్డది. దుమ్ము లేసింది. చక్రమొకటి ఊకెనే తిరుగుతున్నది. లోపల్నుంచి మాట లేదు. ఇన్నేండ్లు పొయ్యి కాడ కూసోని మోసిన ఆ జెరసేపు, ఇయ్యాల కండ్ల ముంగట ఎంతకూ అయిపోతలేదు. యా అల్లా, నా చేతులతోటి నేనే నూకిన గద! భద్రు దిగబోయి కాలు జారిండు.

దుమ్ములకెల్లి దగ్గు. బెల్టు ఊడిన చప్పుడు.

"అమ్మీ! చాయ్ పెట్టు!"

ఫజిలత్ ఒడ్డు మీద కూలబడ్డది. ఏడుస్తున్నదో తిడుతున్నదో ఆమెకే తెల్వలే. "నీ మొఖానికి చాయొకటి! పైకి రా నీ సంగతి చెప్త! ఈ పూట నువ్వే పెట్టి నా మొఖాన పొయ్, నా చేతులు పని చేస్తలేవు!"

గోరి వాగులకు దిగింది. తిరగబడ్డ బండి చుట్టూ తిరిగి పంజరం అతుకులను ఒక్కొక్కటి వేలుతోటి తడిమింది. ఒక్కటి పగల్లే, ఒక్కటి మడతపడలే. సుమేరా దుమ్ము దులుపుకుంట పైకెక్కి వచ్చి తాళంచెవి భద్రుకియ్యబోయింది. ఫజిలత్ దాన్ని గుంజుకోని, ఎనక ఎక్కొస్తున్న గోరి చేతిల పెట్టి, ఆ చెయ్యి ఇడవలే.

"ముందుగాల నా బిడ్డనే కూసోబెట్టిన," అన్నది. "చూసినవ్ గద?"

పూలి సంగతి గోరికేం ఎరిక? ఏం సమజైందో గాని, అవ్ అని తలూపింది.