మంట ఆరాక తీసేసిన మాస్కు

ఆ రోజు ఉదయం డ్రిల్లులో నాకు విజిల్ ఊదడం చేతకాలేదు. నీళ్ల హోస్ పైపు భుజాన వేసుకుని ఫైర్ స్టేషన్ ఆవరణలో ఒక చుట్టు పరుగెత్తి, ఆగి, విజిల్ నోట్లో పెట్టుకున్నాను. గాలి బుస్సుమని పోయింది తప్ప మోగలేదు. నా జట్టులోని అప్పలరాజు నవ్వాడు. "ఏటి బావా, అప్పుడే ముసలోడివైపోతన్నావా?" అన్నాడు. నేనూ నవ్వబోయాను. దగ్గు వచ్చింది. అది ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాను.

నేను విశాఖపట్నంలో లీడింగ్ ఫైర్‌మన్‌ని. కూర్మన్నపాలెంలో కాపురం. పద్దెనిమిదేళ్ల సర్వీసు. బీడీ, సిగరెట్ అలవాటు లేదు. అప్పటికి ఆ దగ్గు పట్టుకుని పది రోజులైంది.

ఇంటి దగ్గరి క్లినిక్‌లో యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గలేదు. తెమడ పరీక్షలో టీబీ లేదని తేలింది. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. "డ్యూటీలో ఈమధ్య పొగ ఎక్కువగా పీల్చారా?" అని డాక్టరు అడిగారు. "మాకు మాస్కులుంటాయండి" అన్నాను. ఆయన ఆస్తమా కావచ్చని ఇన్‌హేలర్ రాసిచ్చారు.

రెండు వారాలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం కూరగాయల సంచితో మెట్లెక్కుతూ మొదటి అంతస్తులోనే కూలబడ్డాను. నా భార్య వరలక్ష్మి అంబులెన్సుకు ఫోన్ చేసి, పక్క వీధిలో ఉండే అప్పలరాజునూ పిలిచింది. అతను నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించుతుంటే, కుర్చీ వెనక్కి వంచమని చెప్పబోయాను. నేనే నేర్పిన పని మరి. "నోరు ముయ్ బావా. ఆ ఊపిరి దాచుకో" అని కసిరాడు.

"శాచురేషన్ పడిపోతోంది, బైపాప్ పెట్టండి." ఊపిరి అందించే ఆ మిషను ముఖానికి బిగించేముందు క్యాజువాలిటీలో నాకు గుర్తున్నది ఆ ఒక్క మాటే.

ఐసీయూలో మూడో రోజున ఛాతీ డాక్టరమ్మ నా ఛాతీ స్కాన్, హెచ్ఆర్‌సీటీ చూసి వచ్చారు. "ఇది ఆస్తమాలా లేదు. ఊపిరితిత్తుల్లో సన్నటి గాలి గొట్టాలు వాచిపోయాయి. మీరు ఏదో పీల్చారు. ఏమిటది?" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

వరలక్ష్మి ముందుకొచ్చింది. "నాను సెప్తానండి. మాస్కు ఎట్టుకున్న రోజు ఈయన ముకం మాస్కు మేర తెల్లగుంటాది, సుట్టూ నల్లగుంటాది. ఆటోనగర్ మంటలకెల్లిన రోజు మాత్రం ముకమంతా నల్లగున్నాది. ముక్కులోంచి మసొచ్చింది. అడిగితే ఏటీ నేదన్నారు."

ఇక దాచడానికేముంది? దగ్గు మొదలైంది ఆ మంట తర్వాతే. ఆటోనగర్‌లో పాత సోఫాల స్పాంజి, ప్లాస్టిక్ తుక్కు నింపిన గోడౌన్ అది. మంట ఆరేదాకా మాస్కు పెట్టుకునే ఉన్నాను. ఆరిన తర్వాత కుప్పలు కొక్కేలతో లాగి తడపాలి. లోపల ఇంకా నిప్పు రాజుకుంటూ పొగ వస్తూనే ఉంటుంది. చెమటకు తట్టుకోలేక మాస్కు తీసేశాను. రెండు గంటలు అలాగే పనిచేశాను. మాస్కు తీస్తే కుర్రాళ్లను తిట్టేది నేనే. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని, జబ్బని తేలితే డ్యూటీ నుంచి తప్పిస్తారని భయపడ్డాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. దీన్ని బ్రాంకియోలైటిస్ అంటాం. స్టెరాయిడ్స్ మొదలుపెడదాం. కొంత శక్తి తిరిగొస్తుంది, అంతా రాకపోవచ్చు" అన్నారు. వెళ్లబోతూ ఆగి అడిగారు. "అక్కడ మాస్కు తీసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

ఉన్నాడు. నన్ను చూసే అప్పలరాజూ తీశాడు.

మాట్లాడే ఓపిక రాగానే వార్డు నుంచి ఫోన్ చేశాను. "నీకు దగ్గుందేటి?"

"కొంచెం ఉన్నాది బావా. సలికాలం కదా."

"రేపు పొద్దున్నే ఇక్కడికి రా. పీఎఫ్‌టీ అని ఊపిరి పరీక్ష, సేయించుకో."

"డ్యూటీ తప్పించీత్తారేమో బావా."

"నానూ అలాగే అనుకున్నాను. ఆకరికి నన్ను కుర్చీలో మోసింది నువ్వే కదా."

మర్నాడు వచ్చాడు. ఊది చూపిస్తే అతనికీ గాలి గొట్టాలు బిగుసుకోవడం మొదలైందని తేలింది. తొలిదశలోనే దొరికింది కాబట్టి మూడు నెలల మందులతో మళ్లీ ఫైరింజన్ ఎక్కాడు. జరిగింది జరిగినట్టు స్టేషన్ ఆఫీసరుగారికి రాసిచ్చాను. కుప్పలు లాగే పనికీ ఇప్పుడు మా స్టేషన్లో మాస్కు తీయనివ్వరు.

నా దారి అంత సులువుగా సాగలేదు. స్టెరాయిడ్లకు ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది. ఊపిరి కసరత్తుకిచ్చిన మూడు బంతుల పరికరంలో గాలి పీలిస్తే మొదట్లో ఒక్క బంతీ లేవలేదు. ఇంటికొచ్చాక ఉక్కునగరం రోడ్ల మీద నడక మొదలుపెట్టాను. మొదటి రోజు రెండు కరెంటు స్తంభాలు. మూడో నెలకు ఇరవై. డోసు తగ్గించగానే దగ్గు తిరగబెట్టి, మళ్లీ ఆరు స్తంభాలకు పడిపోయాను. ఆ రోజు రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. మర్నాడు ఏడోదాకా నడిచాను.

ఏడాదికి డాక్టరమ్మ తేల్చి చెప్పారు. "ఉద్యోగం చేయండి. పొగలోకి మాత్రం వెళ్లొద్దు."

"మాస్కు పెట్టుకునైనానండీ?"

"మాస్కుతో కూడా వద్దు."

ఇప్పుడు కంట్రోల్ రూములో ఫోన్లు తీస్తున్నాను. రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్, గంట నడక. కిందటి నెల ఒకావిడ ఫోన్ చేసింది. అపార్ట్‌మెంట్ కారిడార్ నిండా పొగ, ఇంట్లో ఆమె, అత్తగారు. తలుపు తీయవద్దని, కింద సందులో తడిబట్ట కుక్కమని, బాల్కనీలోకి వెళ్లి కూర్చోమని చెప్పాను. ఆమె దగ్గు వినిపిస్తుంటే ఫోన్ పెట్టనివ్వలేదు. కాసేపటికి అవతల అప్పలరాజు గొంతు వినపడింది. "బావా, ఇద్దరూ దొరికినారు. బాగానే ఉన్నారు." వాళ్లిద్దరినీ ఆసుపత్రికి పంపమన్నాను.

మీకు నేను చెప్పేది ఒక్కటే. పొగ పీల్చాక దగ్గు పట్టుకుంటే డాక్టరుకు దగ్గొక్కటే చెప్పి ఊరుకోకండి. ఏం కాలింది, ఎంతసేపు అక్కడ ఉన్నారు, ముఖానికి మాస్కు ఉందా లేదా, అన్నీ మొదటి రోజే చెప్పండి. తప్పు మీదైనా సరే. మీతో ఉన్నవాళ్ల పేర్లూ చెప్పండి.