కొలత తీయకుండా పెట్టిన కుచ్చిళ్లు

కుచ్చిళ్లక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆవిడ పనేమిటంటే, ఎవరైనా చీర ఇచ్చి వెళితే వాళ్ల నడుముకి సరిపడా కుచ్చిళ్లు పెట్టి, పమిట మడతలు సర్ది, పిన్నులు గుచ్చి, ఇస్త్రీ చేసి అట్టపెట్టెలో పెట్టి ఇవ్వడం. కట్టుకునేవాళ్లకి ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల కోసం ఈవిడ గంటన్నర బల్ల దగ్గర నిలబడాలి. పద్దెనిమిదేళ్లుగా నిలబడుతూనే ఉంది పాపం. సాయంత్రానికి మడమలు మొద్దుబారి, చెప్పులు వేసుకుందో లేదో వంగి చూసుకుంటే గానీ తెలీదు.

పాతవాళ్లకి టేపు పెట్టదు. చేతికే లెక్క తెలుసంటుంది. లిఫ్టులు బాగుచేసే వాళ్లాయన ఏడిపిస్తుంటాడు.

"నీకు మనుషుల మొహాలు గుర్తుండవు గానీ నడుములు మాత్రం భలే గుర్తుంటాయే."

"నీదీ గుర్తుంది. చెప్పమంటావా అందరికీ?"

ఆయన బొజ్జ మీదికి తువ్వాలు లాక్కుని ఊరుకుంటాడు.

ఆ వారం పదకొండు చీరలొచ్చిపడ్డాయి. పన్నెండోది లెక్కల టీచరమ్మది. వాళ్ల ఆడపడుచు తెచ్చింది.

"ఎనిమిది నెలల తర్వాత సోమవారం బడికెళుతోందమ్మా మా వదిన. కొలతలు నీ దగ్గరున్నాయిగా?"

"ఆవిడవి నాకు కంఠతా వచ్చు, పెట్టి వెళ్లండి."

టీచరమ్మ జబ్బుపడిందని కుచ్చిళ్లక్క విన్నది. చూడ్డానికి రెండుసార్లు వెళితే, పడుకున్నారని గుమ్మంలోంచే పంపేశారు. ఈసారి వచ్చిన చీరేమో గంజి పెట్టిన ముదురు ఆవపిండి రంగు నేతచీర. ఎప్పుడూ క్రేప్ చీరలు కట్టే మనిషి, మెట్లెక్కడానికి తేలిగ్గా ఉంటాయని. ఇంకో రోజైతే కుచ్చిళ్లక్క అక్కడే ఆగి, ఎందుకబ్బా ఇది పంపింది అని ఆలోచించేదే. ఒంటికి అంటుకోకుండా నిలబడే బట్ట ఎవరికి కావాలో ఆవిడకి తెలియనిదా! కానీ నడుం విరిగిపోతోంది, కళ్లు మూతలు పడుతున్నాయి. చెయ్యి దాని పాటికది ఏడు కుచ్చిళ్లు మడిచేసింది, ఇస్త్రీపెట్టె పాత గీతలు గీసేసింది.

సోమవారం పొద్దున పెట్టె పట్టుకుని తనే వెళ్లింది. తలుపు తీసిన టీచరమ్మని చూసి, ఎవరో చుట్టాలావిడ అనుకుంది ఒక్క క్షణం. తర్వాత చూపు టీచరమ్మ నడుము మీదికి, అక్కణ్ణుంచి తన చేతిలోని పెట్టె మీదికి వెళ్లింది.

"రా అక్కా. ఎనిమిదిన్నరకి వ్యాను. పిల్లలెవరూ నన్ను చూసి అయ్యో అనకూడదు. అదొక్కటే నాకు కావాల్సింది. అందుకే గంజి చీర పంపాను."

కుచ్చిళ్లక్క పెట్టె విప్పింది. చీర చుట్టింది. బొడ్డు దగ్గర నిలవాల్సిన కుచ్చిళ్లు ఎడం తుంటి మీదికెళ్లి కూర్చున్నాయి. పమిట మోకాళ్ల కిందికి వేలాడింది. అద్దంలో టీచరమ్మ ఎవరిదో చీర అడిగి తెచ్చుకున్న మనిషిలా ఉంది.

"ఇదేం కట్టడం? మా వదినకా, పక్కింటావిడకా?" అంది ఆడపడుచు.

"తప్పు నాదేనమ్మా. పాత చెయ్యి... టేపు పెట్టకుండా..." అంటూనే కుచ్చిళ్లక్క కళ్లు నేలకి దించేసుకుంది.

టీచరమ్మ అద్దంలోకి చూస్తూ తుంటి మీది కుచ్చిళ్లు పట్టుకుంది. చిరాకుపడి చీర విప్పి పారేస్తుందనుకున్నారు ఇద్దరూ. ఆవిడ మెల్లగా చేతులు రెండూ పైకెత్తింది.

"టేపు తెచ్చావా? పెట్టు."

పెట్టింది. అంకె చూసి పైకి చెప్పకుండా టేపు చుట్టేయబోయింది.

"లెక్కల టీచర్ దగ్గరా దాస్తావు? చెప్పు."

"ఇరవై ఎనిమిది."

"ముందు?"

"ముప్పై ఆరు."

"ఎనిమిదంగుళాలు. నెలకి ఒకటి. సరిగ్గా భాగిస్తే శేషం కూడా లేదు," అంది టీచరమ్మ. ఆడపడుచు నవ్వాలో మానాలో తెలియక చున్నీ కొస నలుపుకుంది.

టైము లేదు. కుచ్చిళ్లక్క మోకాళ్ల మీద కూర్చుంది. మోకాళ్లు కటకటమన్నాయి. మిగిలిన బట్టని రెండు కొత్త కుచ్చిళ్లుగా మడిచి పాత ఏడింటి లోపలివైపు దోపింది. పమిట పైకి లాగి మళ్లీ పిన్ను గుచ్చింది. ఇస్త్రీ చేసే వ్యవధి లేదు. కింద వ్యాను హారన్ కొడుతోంది.

మెట్ల దగ్గర కింది వాటా ముసలావిడ ఎదురైంది. చూడగానే బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, ఎంత చిక్కిపోయావే తల్లీ!"

వెనకే దిగుతున్న కుచ్చిళ్లక్క టీచరమ్మ మొహం వైపు చూసింది.

"ఎనిమిదంగుళాలు పిన్నిగారూ. ఇప్పుడే కొలిపించుకున్నాను," అని టీచరమ్మ ఆగకుండా దిగిపోయింది.

ముసలావిడ బుగ్గ మీద చెయ్యి తీసేసి గోడవైపుకి తప్పుకుంది. కుచ్చిళ్లక్క ఆ మెట్టు మీదే ఆగి చూసింది. టీచరమ్మ అడుగు తీసి అడుగేసినప్పుడల్లా ఆ ఇస్త్రీ లేని రెండు కుచ్చిళ్లు విచ్చుకుంటున్నాయి. పిలుద్దామా అనుకుంది. పిలవలేదు. టీచరమ్మ కుడిచేత్తో వాటిని దగ్గరికి పట్టుకుని వ్యానెక్కింది.