పరాయి కథకు ఊ కొట్టిన పిల్ల

కరోనా వచ్చిన ఏడాది విమానాలు ఆగిపోయి, మ్యూనిక్‌లో మా అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయాను. వేసవిలో ఆంక్షలు కాస్త సడలాక, అల్లుడు మమ్మల్ని ఉత్తర సముద్రంలో ఓ చిన్న దీవికి తీసుకెళ్లాడు. నాలుగు వీధులు, ఒక చర్చి, ఊరి నడుమ ఒక కంచు బొమ్మ. నడుము దాకా ఆడమనిషి, కింద సీలు అనే సముద్ర జంతువు తోలు. ఆ తోలు విప్పుకుంటోందో తొడుక్కుంటోందో తెలియదు.

మేము దిగిన ఇంటావిడది నా ఈడే. మా మనవరాలికి ఆరేళ్లు. పొద్దున్నే బొమ్మ అరుగు మీద ఈ చివర ఆవిడ, ఆ చివర పిల్ల, మధ్యన మీటరున్నర ఖాళీ. ఆవిడ జర్మన్‌లో కథ చెప్పేది. ఓ రోజు దగ్గరికి వెళ్లి విందును కదా, పిల్ల "ఊ" అంటోంది!

ఆ ఊ నేను నేర్పింది. ఊ కొట్టకపోతే కథ నడవదని చెప్పి, దాని మూడో ఏట ఫోన్‌లో నేర్పాను. దాన్ని పట్టుకెళ్లి పరాయి కథకు కొడుతుందా? పాపం ఆవిడకేమో అర్థంకాక, ప్రతి ఊకీ ఆగి పిల్ల మొహంలోకి చూసేది. అదొక్కటే నాకు ఊరట.

"ఏం చెప్పిందే మీ జర్మనీ అమ్మమ్మ?" అన్నాను, పిల్ల ఇంటికి రాగానే.

"సముద్రం కుక్క కథ. తోలు తీస్తే అమ్మాయి అయింది. ఒక అంకుల్ తోలు దాచేసి పెళ్లి చేసుకున్నాడు."

"కుక్కనా? కుక్కని కట్టుకున్నాడా? ఛీ ఛీ!"

"సీలునే వీళ్లు సముద్రపు కుక్క అంటారమ్మా. ఎందుకే దాన్ని ఏడిపిస్తావ్?" అంది మా అమ్మాయి.

"తోలు దొరికింది. పిల్లల్ని వదిలేసి నీళ్లలోకి పోయింది. అయిపోయింది," అంటూ పిల్ల కళ్లలో నీళ్లు నింపుకుంది.

నాకు సందు దొరికింది. "పోతే పోయింది, మళ్లీ రాలేదనుకున్నావా? అమావాస్య అమావాస్యకీ చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి, పిల్లలకు తల దువ్వి వెళ్లేది."

పిల్ల ఊ కొట్టలేదు. ఒక్క పరుగున ఆవిడ దగ్గరికి వెళ్లి అడిగింది. ఆవిడ మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"రాలేదంట. నీకు తెలీదులే అమ్మమ్మా, అది వాళ్ల కథ."

నాకు తెలీదట!

ఆ సాయంత్రం గారెలు వండాను. "ఆవిడకి నాలుగు పంపమ్మా," అంది అమ్మాయి. మాడినవి ఏరి పళ్లెంలో పెట్టి పిల్ల చేతికిచ్చాను. కాసేపటికే ఖాళీ పళ్లెంతో గెంతుతూ వచ్చింది.

"అమ్మమ్మా, ఇంకా కావాలంట! ఇలాంటివే, నల్లవి!"