పసుపు పూసిన స్పిండిల్

గుడివాడ నుంచి ఒక మెకానిక్ వచ్చేవారు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన మిషన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. కళ్లు తెరిచాక ఎవరినైనా ఒకటే అడిగేవారు: "ముందు మీరేం చేశారో చెప్పండి."

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక, బందరులో రోల్డ్ గోల్డ్ నగలకు అచ్చులు తీద్దామని చిన్న మిల్లింగ్ మిషన్ కొన్నాను. దసరా వెళ్లిన మర్నాటి నుంచి అది గడగడా వణకడం మొదలుపెట్టింది. అచ్చుల నిండా గీతలు పడుతుంటే, వాటిని కొనే షావుకారు అన్నీ వెనక్కి పంపేశాడు. లోహాన్ని చెక్కే కట్టర్‌ని పట్టి తిప్పే ఇరుసు, అదే స్పిండిల్, లూజైందని నాకు నేనే తేల్చేసి, ఫోన్లో వీడియో చూస్తూ బేరింగ్ నట్టు బిగించాను. వణుకు తగ్గలేదు సరికదా, స్పిండిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది.

"నేనేం చేయలేదండీ," అన్నాను, పిలిస్తే వచ్చి అదే ప్రశ్న అడిగిన ఆ మెకానిక్‌తో.

ఆయన నట్టు మీద నా స్పానర్ గాట్లను వేలితో తడిమారు. దాన్ని కాస్త వదులు చేశారు. కట్టర్ కూర్చునే రంధ్రంలో గుడ్డ పెట్టి తిప్పి తీస్తే పసుపుపచ్చగా వచ్చింది. ఆయుధపూజ నాడు నేను భక్తి కొద్దీ లోపలిదాకా పూసిన పసుపు! అదే గట్టిపడి కట్టర్‌ని సరిగ్గా కూర్చోనివ్వలేదు. తుడిచి బిగించగానే వణుకు ఆగిపోయింది.

"బొట్టు నుదుటన పెట్టాలి మాస్టారూ, నోట్లో కాదు," అన్నారాయన.

ఇప్పుడాయన రావడం లేదు, పెద్దవారైపోయారు. నేను దసరాకి మిషన్‌కి బయటే బొట్టు పెడుతున్నాను. స్పానర్‌ని మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి అడిగితే చాలు, కళ్లు మూసుకుని అంటుంది:

"ముందు మీరేం చేశారో చెప్పండి."