కడగని క్యారేజీ

మా పక్కింటి అత్త పోయింది. నిద్రలోనే పోయిందట. పొద్దున్నే నేను కొట్టు షట్టర్ ఎత్తుతుంటే వాళ్ళమ్మాయి వచ్చి, "అక్కా, అమ్మ లేవటంలా" అంది. నిజం చెప్తున్నా, ముందు నాకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళకి ఈ మనిషి కంటినిండా పడుకుంది అనుకున్నాను. ఏడుపు తర్వాతెప్పుడో, బియ్యం తూస్తుంటే వచ్చింది.

పిలుపుకి అత్తే గానీ మాకు చుట్టరికమేమీ లేదు. వాళ్ళు ముస్లింలు. మామయ్య బతికున్నన్నాళ్ళూ స్కూటర్ల మెకానిక్. మాది కిరాణా కొట్టు. పల్నాడులో ఏ ఊరో మాత్రం రాయను. రాస్తే ఏ పోలీస్ స్టేషనో తెలిసిపోతుంది, మళ్ళీ మా కొట్టు ముందు జీపు ఆగుతుంది. దానికి సమాధానం చెప్పుకునే ఓపిక నాకిప్పుడు లేదు.

నేను కాపురానికొచ్చిన కొత్తలో రంజాన్ పండక్కి అత్త సేమ్యా పంపింది. మేం మాంసం తినమని మాకోసం వేరే గిన్నె ఉంచేది. ఇంకొకరి గిన్నె ఉత్తగా తిరిగివ్వకూడదు గదా, నేను బాగా తోమి, తుడిచి, గుప్పెడు పంచదార పోసి తీసుకెళ్ళాను. పంచదార తీసుకుంది గానీ, గిన్నె చూసి మొహం మాడ్చుకుంది.

"ఈసారి కడగమాకే. తిన్న గిన్నె తిన్నట్టే ఇయ్యి" అంది.

ఎంగిలి గిన్నె ఎవరైనా తిరిగిస్తారా? మా ఆయనకి చెబితే, కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆవిడంతే, పట్టించుకోకు అన్నాడు. చానాళ్ళు నేనూ అది చాదస్తమనే అనుకున్నాను.

తర్వాత మా తమ్ముణ్ణి పట్టుకుపోయారు. మోటారు సైకిల్ దొంగతనమట. వాడికి మామూలు సైకిలు తొక్కడమే సరిగా రాదు. మా నాన్న ఫోను పట్టుకుని తెలిసిన పెద్దమనుషులందరినీ బతిమాలుతున్నాడు. స్టేషన్లో ఇచ్చి వద్దామని నేను క్యారేజీలో పప్పూ అన్నం సర్దాను. అత్త గుమ్మంలోనే నన్ను ఆపి, ఎక్కడికో కనుక్కుని, చెప్పులేసుకుని నాతో బయల్దేరింది.

కానిస్టేబుల్ క్యారేజీ కోసం చెయ్యి చాపాడు. అత్త వదల్లేదు. పిల్లాడు బయటికొచ్చి, చెయ్యి కడుక్కుని, మా ఎదురుగా తింటాడు అంది. కుదరదన్నాడతను. సరే బాబూ, కుదిరేదాకా ఉంటాం అని మెట్ల పక్కన చతికిలబడింది. నేను గొంతు పెంచబోతే మోచెయ్యి గిల్లింది.

"అరుపులు వాళ్ళకి అలవాటేనే. ఊరకే కూర్చుంటేనే వాళ్ళకి ఇబ్బంది."

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. లోపలికెళ్ళే ప్రతివాళ్ళకీ అదే మాట, అదే గొంతుతో చెప్పింది. విని విని ఎస్సైకి విసుగొచ్చి, తిని చావమనండి అన్నాడు. ఆవరణలో ఒక కుళాయి ఉంది. మా తమ్ముడు లోపల్నుంచి ఆ కుళాయి దాకా నడిచాడు. నేను వాడి మొహం చూస్తున్నాను. అత్త వాడి కాళ్ళు చూస్తోంది. అరికాళ్ళ మీద కొడితే పాదం పూర్తిగా నేలకి ఆనదట.

"ఇంకా ముట్టుకోలా" అంది నాతో మెల్లిగా.

వాడు తినేదాకా ఉండి, మా పిల్లాడు బాగానే నడుస్తున్నాడు, మేం చూశాం అని ఎస్సైకి వినబడేట్టు చెప్పి మరీ లేచింది. మర్నాడు మేజిస్ట్రేటు ముందు పెట్టారు. తర్వాత కేసూ పోయింది. వాడిప్పుడు ముప్పాళ్ళలో మిరప వేసుకుంటూ, ధర లేదని రోజూ నాకు ఫోన్ చేసి తిడుతుంటాడు.

ఆ సాయంత్రం ఆటోలో వస్తూ గిన్నె సంగతి తనే చెప్పింది. కొడుకుని పట్టుకుపోయినప్పుడు ఆవిడా అన్నం తీసుకెళ్ళి కానిస్టేబుల్ చేతికిచ్చిందట. కాసేపటికి ఖాళీ క్యారేజీ తెచ్చిచ్చారు. తిన్నాడు గదా, పర్లేదులే అనుకుని ఇంటికొచ్చింది. మర్నాడు, బాత్‌రూములో జారిపడి పోయాడని కబురు.

"తళతళలాడతా వచ్చిందే క్యారేజీ. మావాడు బుద్ధెరిగి ఒక్క గిన్నె కడిగినోడు కాదు. నాకప్పుడే తెలియాల."

 

ఎవరి పిల్లాణ్ణి పట్టుకుపోయినా అత్త అట్టాగే వెళ్ళి స్టేషన్ మెట్ల పక్కన కూర్చునేది. మా తమ్ముడిలా అందరూ నడిచి రాలేదు. కొందరిని కుళాయి దాకా ఇద్దరు పట్టుకుని తెచ్చేవాళ్ళు. అప్పుడిక అత్త లాయరుకి ఫోన్ చేసేది. పోలీసులు కొట్టారా అని జడ్జిగారు అడిగితే నేలచూపులు చూడమాకండి, కొట్టారనే చెప్పండి అని ఆ పిల్లలకీ ఇంటివాళ్ళకీ నేర్పేది. అక్కడ నిలబడ్డాక చానామంది భయపడి లేదనేవాళ్ళు. వాళ్ళనీ ఏమీ అనేది కాదు. ఆ రోజుల్లో ఇంటికొచ్చి తలుపేసుకునేది.

దీన్ని ఉద్యమం అంటారని, హక్కుల సంఘం వాళ్ళు అత్తని మీటింగుకి పిలిచాకే నాకు తెలిసింది. స్టేజీ ఎక్కించి శాలువా కప్పితే, ఉక్కపోస్తంది తియ్యండయ్యా అందట. అంత ఓపిక ఎక్కడిదత్తా అని ఒకసారి అడిగాను. "ఓపికుంటే నుంచుందును. లేకే కూర్చున్నా" అంది. కొడుకు కేసు ఏమైందంటే, "నడస్తానే ఉందే, నాకే కాళ్ళు నొప్పి" అనేది. జడ్జీలు మారారు, సాక్షులు మారారు, వాయిదాలు మాత్రం మారలేదు. చివరి రోజుల్లో మోకాళ్ళు అరిగి మంచం దిగలేకపోయినా ఫోన్ వదల్లేదు. దుర్గి నుంచి ఎవరో ఆడమనిషి ఏడుస్తూ చేస్తే, ముందు ఏడుపు ఆపి, ఎట్టా నడిచాడో చెప్పమ్మా అనడం మా గోడ ఇవతలికి వినబడేది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే అన్నం పెట్టాలి. నేను క్యారేజీలో అన్నం, పప్పు, పచ్చడి సర్ది పంపాను. ముప్పాళ్ళ నుంచి మా తమ్ముడొచ్చి జనాజాకి భుజం పట్టాడు. వాడు వీధి చివరిదాకా నడుస్తుంటే నేను గుమ్మంలో నిలబడి వాడి కాళ్ళే చూశాను. సాయంత్రం అత్త కూతురు క్యారేజీ తెచ్చి కొట్టులో బల్ల మీద పెట్టింది.

"అందరం తిన్నామక్కా. కడగలా" అంది.

వచ్చే నెల వాళ్ళన్న కేసు వాయిదాకి తను వెళ్తుందట. ఆ అమ్మాయి వెళ్ళాక మూత తీసి చూశాను. అంచుల్లో పప్పు ఎండిపోయి ఉంది. అడుగున నాలుగు మెతుకులున్నాయి. మా అత్త ఇంటివాళ్ళు తిన్నారు.

క్యారేజీ ఇంకా అక్కడే ఉంది. చీమలు పట్టాయి, తోమి పెట్టవే అని మా ఆయన రెండుసార్లు అన్నాడు. ఇవాళ్టికి ఉండనీ అన్నాను.